ఇంటి వీడియోల డీవీడీలను, వీసీడీలను కంప్యూటర్‌లో ఎడిటింగ్‌కు సిద్ధం చేసుకోవడం: సమగ్ర మార్గదర్శి

హన్మకొండలోని మా ఇంట్లో 26 డిస్కులు ఉన్నాయి. వాటిలో 19 డీవీడీలు, 7 వీసీడీలు. మా చిన్నబాపు లగ్గం, 2003లో గోదావరి పుష్కరాలకు కాళేశ్వరం వెళ్లి వచ్చిన ప్రయాణం, రెండు మూడు బతుకమ్మ పండుగలు, ఒక మేడారం జాతర, ఇప్పుడు లేని మా అమ్మమ్మ గొంతు అన్నీ వాటిలోనే ఉన్నాయి. క్యాసెట్ల నుంచి డిస్కుల మీదికి ఎక్కించిన రోజున పని పూర్తయిందని అనుకున్నాం. మూడు గంటల లగ్గం వీడియోను ఇంటిల్లిపాదీ కూర్చుని చూడగలిగే అరగంటకు కుదించాలని ప్రయత్నించినప్పుడు మాత్రం, డిస్కు అనేది టీవీకి కలిపిన ప్లేయర్ కోసం తయారైన వస్తువే కాని కోతకూ కూర్పుకూ అనువైనది కాదని తెలిసివచ్చింది.

ఆ మొదటి ప్రయత్నంలో నేను చేసిన తప్పును ముందే చెబుతాను, ఎందుకంటే ఈ మార్గదర్శి మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. డిస్కులోని వీడియోను దొరికిన కన్వర్టర్‌లో వేసి చిన్న ఎంపీ4 ఫైళ్లుగా మార్చి, స్థలం కలిసివస్తుందని అసలు కాపీలను తుడిచేశాను. అప్పటికే గీతలు పడిన రెండు డిస్కులు ఆ తర్వాత తెరుచుకోలేదు. ఆ రెండింటికి ఇప్పుడు మిగిలింది, కదలిక ఉన్న ప్రతిచోటా అంచులు చీలికలైన బొమ్మ మాత్రమే. అందువల్ల మొదట డిస్కులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా తీసి భద్రపరచుకోవాలి. మార్పులన్నీ ఆ తర్వాత, దాని నకలు మీద మాత్రమే చేయాలి.

డిస్కులో ఏముంటుంది

మన దేశంలో టీవీ, క్యాసెట్లు పాల్ (PAL) అనే టీవీ ప్రమాణంలో నడిచాయి కాబట్టి ఇక్కడ తయారైన డీవీడీలో సాధారణంగా సెకనుకు 25 ఫ్రేములు, 720×576 పిక్సెళ్లు ఉంటాయి. డిస్కును కంప్యూటర్‌లో తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ అనే మూడు రకాల ఫైళ్లు కనిపిస్తాయి. బొమ్మ, శబ్దం వీఓబీలలో ఉంటాయి. ఏ ముక్క తర్వాత ఏది ఆడాలో ఐఎఫ్ఓ చెబుతుంది. బీయూపీ దాని నకలు. ఒక్కో వీఓబీ సుమారు 1 జీబీ వద్ద తెగిపోతుంది. ఆ తెగడానికి, వీడియోలోని సన్నివేశానికి సంబంధం ఉండదు. తలంబ్రాలు పోస్తుండగా మధ్యలోనే ఫైలు మారిపోవచ్చు. అందుకే వీఓబీలను విడివిడిగా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగితే అతుకుల దగ్గర శబ్దం తెగడం, కొన్ని ఫ్రేములు పోవడం, ఫైలు నిడివి తప్పుగా చూపడం వంటి చిక్కులు వస్తాయి.

ఇంకొక ఇబ్బంది కుదింపు పద్ధతిలో ఉంది. డీవీడీలోని ఎంపెగ్-2 వీడియోలో ప్రతి ఫ్రేము పూర్తి బొమ్మగా ఉండదు. సుమారు పన్నెండు ఫ్రేములకు ఒక పూర్తి బొమ్మ ఉంటుంది, మిగిలినవి పక్క ఫ్రేములతో పోల్చి మారినంత మేరకే రాసుకున్నవి. టీవీలో వరుసగా ఆడేటప్పుడు ఇది చక్కగా పనిచేస్తుంది. ఎడిటింగ్‌లో ముందుకూ వెనక్కూ జరుపుతూ ఒక్క ఫ్రేము దగ్గర కోయవలసి వచ్చినప్పుడు కంప్యూటర్ తడబడుతుంది.

నాణ్యతను అంచనా వేయడానికి ఒక చిన్న లెక్క సరిపోతుంది. ఒక పొర గల డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. అందులో రెండు గంటల వీడియో ఉంటే సెకనుకు దాదాపు 5 మెగాబిట్లు దక్కుతాయి, అది ఫరవాలేదు. అదే డిస్కులో నాలుగు గంటలు ఇరికించి ఉంటే బొమ్మ గళ్లుగళ్లుగా ఉంటుంది. కొన్ని రికార్డర్లు అటువంటప్పుడు వెడల్పును 352 పిక్సెళ్లకు తగ్గించేస్తాయి కూడా. అటువంటి డిస్కు మీద కాలం వెచ్చించే ముందు అసలు క్యాసెట్ ఇంట్లో ఉందేమో వెతకండి. క్యాసెట్ ఆడే స్థితిలో ఉంటే దాన్ని మళ్లీ ఎక్కించుకోవడమే మేలు.

డిస్కును శుభ్రం చేయడం

మెత్తని పొడి బట్టతో, మధ్య రంధ్రం నుంచి అంచు వైపు నిలువుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత డేటా నడిచే దారి వెంబడే సాగి, ఎక్కువ నష్టం చేస్తుంది. వీసీడీల విషయంలో పై వైపు, అంటే పేరు రాసే వైపు, మరింత జాగ్రత్త అవసరం. డీవీడీలో డేటా పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కాని, సీడీలో పేరు రాసే వైపున పలుచని పూత కిందే ఉంటుంది. బాల్‌పెన్నుతో గట్టిగా రాసినా డేటా పోతుంది. స్టూడియో అంటించిన కాగితం లేబుల్ లేస్తుంటే పీకకండి, దానితో పాటు పొర కూడా ఊడి రావచ్చు. ఇంట్లో రాసిన డిస్కులలో డేటా ఒక రంగు పొరలో ఉంటుంది, వేడికి, వెలుతురుకు అది చెడుతుంది. మన దగ్గర మే నెల ఎండలకు రేకుల గదిలోనో అటక మీదో ఉన్న డిస్కులను ముందు వరుసలో పెట్టి మొదట వాటినే చదివించండి.

ఉన్నదున్నట్టుగా తీయడం

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో డిస్కు డ్రైవ్ ఉండటం లేదు కనుక యూఎస్‌బీతో కలిపే డీవీడీ రైటర్ ఒకటి కావాలి. దాన్ని హబ్ ద్వారా కాకుండా నేరుగా కంప్యూటర్‌కే కలపండి, లేకపోతే చాలినంత కరెంటు అందక మధ్యలో ఆగిపోవచ్చు.

విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాంలో రీడ్ అనే పనిని ఎంచుకుంటే, డీవీడీ మొత్తం ఒకే ఐఎస్ఓ ఫైలుగా వస్తుంది. మెనూలు, అధ్యాయాలు సహా డిస్కు అంతా అందులో ఉంటుంది. తర్వాత ఏ దశలో పొరపాటు జరిగినా ఈ ఫైలు నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు కాబట్టి, దీన్ని మూలప్రతిగా భావించి ఎన్నడూ తుడవకూడదు. 26 డిస్కులకు కలిపి నాకు 100 జీబీ కూడా పట్టలేదు.

చదవలేకపోతున్నానని ప్రోగ్రాం మొరాయిస్తే, ముందుగా చదివే వేగాన్ని తగ్గించండి. అప్పటికీ కుదరకపోతే డ్రైవ్ మార్చి చూడండి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కును మరొకటి చదవడం నేను చాలాసార్లు చూశాను. లైనక్స్ వాడగలిగిన వారికి డీడీరెస్క్యూ అన్నిటికంటే మంచి సాధనం. అది బాగున్న భాగాలను ముందుగా తీసుకుని, చెడిన చోట్లను ఒక పట్టీలో గుర్తుపెట్టుకుని, వాటి కోసం మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అదే పట్టీతో వేరే డ్రైవ్‌లో కొనసాగిస్తే మొదటి డ్రైవ్‌కు చిక్కని భాగాలు రెండవదానికి చిక్కవచ్చు. ఒక రాత్రంతా నడవనివ్వడానికి వెనుకాడకండి.

డిస్కు పూర్తిగా ఖాళీగా ఉన్నట్టు కంప్యూటర్ చూపిస్తే అది చెడిపోయిందని అనుకోవద్దు. టీవీ పక్కన పెట్టే డీవీడీ రికార్డర్‌లో రాసి, ఫైనలైజ్ చేయకుండా, అంటే వేరే యంత్రాల్లోనూ ఆడేలా రాతను ముగించకుండా వదిలేసిన డిస్కు అలాగే కనిపిస్తుంది. ఆ రికార్డర్ ఇంకా పనిచేస్తుంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయించాలి.

వీసీడీల విషయం

మన ప్రాంతంలో 2000 తర్వాతి కొన్నేళ్లలో జరిగిన లగ్గాలు చాలావరకు వీసీడీల మీదనే ఇంటికి చేరాయి. వీటిలో ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డర్‌లో డాట్ (DAT) ఫైళ్లు ఉంటాయి. బొమ్మ 352×288 పిక్సెళ్లు మాత్రమే, సెకనుకు 1.15 మెగాబిట్లు. ఒక డిస్కులో గంటా పావుకు మించి పట్టదు కాబట్టి ఒక్క లగ్గానికే రెండు మూడు డిస్కులు ఉంటాయి. వాటి వరుసను మొదటే రాసి పెట్టుకోండి.

వీసీడీని ఐఎస్ఓగా తీయడం సరికాదు. దానిలో వీడియో ఉన్న భాగాలను రాసిన తీరే వేరు. ఎక్కువ డేటా పట్టించడానికి తప్పులు సరిదిద్దే అదనపు సమాచారాన్ని తగ్గించి రాస్తారు. అందువల్ల చిన్న గీతకు కూడా కాపీ ఆగిపోతుంది. ఇమ్‌గ్‌బర్న్ ఇటువంటి డిస్కును బిన్, క్యూ అనే జంట ఫైళ్లుగా తీస్తుంది. ఆ జంటను మూలప్రతిగా దాచి, డాట్ ఫైలును విడిగా కాపీ చేసుకుని పనికి వాడండి. వీసీడీలో ఇంటర్లేస్, అంటే బొమ్మను బేసి, సరి గీతల రెండు సగాలుగా రాసే పద్ధతి, ఉండదు కనుక కింద చెప్పే పెద్ద మెట్టు దీనికి అవసరం లేదు. అయితే దాని శబ్దం 44.1 కిలోహెర్ట్‌జ్‌లో ఉంటుంది, డీవీడీది 48. రెండింటినీ ఒకే ప్రాజెక్టులో కలిపేటప్పుడు 48కి మార్చుకోవాలి.

ముక్కలను కలిపి ఒకే ఫైలు చేయడం

ఐఎస్ఓ సిద్ధమయ్యాక దాన్ని మేక్‌ఎంకేవీలో తెరవండి. ఇది ఐఎఫ్ఓ చెప్పిన క్రమంలో వీఓబీలను చదివి, బొమ్మను గాని శబ్దాన్ని గాని తిరిగి కుదించకుండా, ఎంకేవీ అనే సంచిలోకి మారుస్తుంది. నాణ్యతలో రవ్వంత కూడా తేడా రాదు, అతుకుల చిక్కు తీరిపోతుంది. ఇక్కడ ఒక్క అమరికను తప్పక మార్చాలి. ఈ ప్రోగ్రాం మామూలుగా 120 సెకన్ల కంటే చిన్న భాగాలను వదిలేస్తుంది. సినిమా డిస్కులకు అది సబబే కాని, ఇంటి డిస్కులో ఒకటిన్నర నిమిషం ముక్క కూడా విలువైనదే. మా అమ్మమ్మ బతుకమ్మ పేరుస్తూ మాట్లాడిన ముక్క 70 సెకన్లే ఉంది, మొదటిసారి అది నాకు రాలేదు. ప్రిఫరెన్సెస్‌లో ఆ సంఖ్యను సున్నాకు దగ్గరగా పెట్టండి.

తర్వాత మీడియాఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాంలో ప్రతి ఫైలునూ ఒకసారి తెరిచి, కొలతలు, సెకనుకు ఫ్రేములు, ఇంటర్లేస్ ఉందా లేదా, బొమ్మ నిష్పత్తి, శబ్దం తీరు అనే ఐదు విషయాలను నోట్‌బుక్‌లో రాసుకోండి. గల్ఫ్ నుంచి తెచ్చిన క్యామ్‌కార్డర్లు పాల్‌వే కాబట్టి కరీంనగర్, జగిత్యాల వైపు బంధువుల వీడియోలతో పేచీ రాదు. అమెరికా నుంచి వచ్చిన డిస్కు అయితే 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు అని చూపిస్తుంది. దాన్ని పాల్ వీడియోలతో ఒకే ప్రాజెక్టులో కలిపితే కదలిక కుదుపుగా ఉంటుంది. వీలైతే విడి ప్రాజెక్టుగా ఉంచండి.

ఇంటర్లేస్‌ను విడదీయడం

ఎక్కువ మంది పాడుచేసుకునేది ఈ మెట్టు దగ్గరే. పాత క్యామెరా సెకనుకు 25 పూర్తి బొమ్మలు తీయలేదు. 50 సగం బొమ్మలు తీసింది. ఒక సగంలో బేసి గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత తీసిన మరో సగంలో సరి గీతలు ఉంటాయి. పాత టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూపేది. కంప్యూటర్ రెండింటినీ కలిపి ఒకే బొమ్మగా చూపితే, బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్ల చేతులు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తాయి. కదలని గోడలు, దీపాలు మాత్రం శుభ్రంగానే ఉంటాయి.

ఈ గీతలు విడదీయదగ్గ స్థితిలో ఉన్నంతవరకు భయం లేదు. విడదీయకుండానే బొమ్మ ఎత్తును పెంచినా, తగ్గించినా, బేసి సరి గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వాటిని మళ్లీ వేరు చేయలేదు. నా రెండు డిస్కులకు జరిగింది అదే. కాబట్టి కొలత మార్చడానికి, రంగు దిద్దడానికి, వణుకు తగ్గించడానికి ముందు, అన్నిటికంటే మొదట ఇంటర్లేస్‌ను విడదీయాలి.

ఇందుకు హ్యాండ్‌బ్రేక్ చాలు. ఎంకేవీ ఫైలును అందులో తెరిచి, ప్రీసెట్లలో ప్రొఫెషనల్ వర్గం కింద ఉన్న ప్రొడక్షన్ స్టాండర్డ్‌ను ఎంచుకోండి. ఎడిటింగ్ కోసమే తయారుచేసిన అమరిక అది. ఫిల్టర్ల పేజీలో డీఇంటర్లేస్‌కు యాడిఫ్ లేదా బీడబ్ల్యూడిఫ్, దాని ప్రీసెట్‌గా బాబ్ ఎంచుకుని, ఇంటర్లేస్ డిటెక్షన్‌ను ఆపివేయండి. బాబ్ అంటే ప్రతి సగం బొమ్మ నుంచీ ఒక పూర్తి ఫ్రేమును తయారుచేయడం. మామూలు పద్ధతిలో 25 ఫ్రేములే మిగిలి కదలికలో సగం పోతుంది, బాబ్‌తో 50 ఫ్రేములు వస్తాయి. డప్పుల ముందు ఆడేవాళ్ల అడుగులు ఆ 50 ఫ్రేములలోనే సహజంగా కనిపిస్తాయి. వీడియో పేజీలో ఫ్రేముల సంఖ్యను 50గా, స్థిరంగా ఉండేట్టు పెట్టండి. ఫ్రేముల వేగం అస్థిరంగా ఉంటే ఎడిటింగ్‌లో శబ్దం మెల్లమెల్లగా పెదవుల కదలికను తప్పిపోతుంది.

బొమ్మ ఆకారం కూడా ఇక్కడే సరిచేసుకోవచ్చు. పాల్ డీవీడీలోని పిక్సెళ్లు చతురస్రాలు కావు, కాస్త వెడల్పైనవి. వాటిని చతురస్రాలుగా లెక్కిస్తే ముఖాలు సన్నగా, పొడుగ్గా అవుతాయి. కొలతల పేజీలో ఆనమార్ఫిక్‌ను నన్‌ (None)గా మార్చి, అప్‌స్కేలింగ్‌కు అనుమతినిచ్చి, 768×576 అని ఇవ్వండి. అనుమతి ఇవ్వకపోతే వెడల్పుకు బదులు ఎత్తు తగ్గిపోయే వీలుంది, చూసుకోవాలి. కత్తిరింపును నన్ అని పెట్టండి. క్యాసెట్ బొమ్మ అడుగున కొన్ని వంకర గీతలు ఉంటాయి, వాటిని చివర ఎడిటింగ్‌లో కప్పవచ్చు. డిస్కు తయారుచేసిన చోట 4:3 బొమ్మను 16:9గా సాగదీసి ఉంటే, కొలతల అంకెలను నమ్మకుండా గోడ గడియారం ఉన్న ఫ్రేమును చూడండి. అది కోడిగుడ్డులా ఉంటే నిష్పత్తి తప్పినట్టే, మీరే 4:3కి తిప్పాలి.

డీవీడీలోని డాల్బీ శబ్దాన్ని కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు గుర్తించవు. ఏఏసీ అనే శబ్ద రూపంలోకి, 256 కేబీపీఎస్ లేదా అంతకు మించి మార్చుకుంటే సరిపోతుంది. పాత క్యాసెట్ శబ్దం ఒక్క చెవిలోనే వినిపిస్తే దాన్ని ఇప్పుడు ముట్టకండి, ఎడిటింగ్‌లో రెండు వైపులకూ పంచడం తేలిక.

హార్డ్ డిస్కులో స్థలం ధారాళంగా ఉన్నవారు పై ప్రీసెట్ ఇచ్చే హెచ్264 రూపానికి బదులు ప్రోరెస్ లేదా డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ వంటి, ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండే రూపాన్ని తీసుకోవచ్చు. కోత చాలా సులువవుతుంది. ఈ కొలతలకు ప్రోరెస్ 422 సెకనుకు 25 ఫ్రేముల మీద గంటకు దాదాపు 20 జీబీ పడుతుంది, 50 ఫ్రేములైతే రెట్టింపు. ఇంటి వీడియోకు అంత అవసరమని నేను అనుకోను, పని తేలికవడం కోసమే అయితే పెట్టుకోవచ్చు.

బొమ్మను 4కేకు పెంచి, ముఖాలను స్పష్టం చేస్తామనే కృత్రిమ మేధ సాధనాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఈ దశలో వాటిని దూరంగా ఉంచమని గట్టిగా కోరుతున్నాను. అవి లేని వివరాలను ఊహించి గీస్తాయి. మసకగా ఉన్నా అమ్మమ్మ ముఖం అమ్మమ్మదే, స్పష్టమైన ఆ కొత్త ముఖం ఎవరిదో చెప్పలేం.

పెద్దవాళ్లతో కూర్చుని పట్టిక రాయడం

సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు చేయవలసిన ఈ పనిని ఎవరూ వాయిదా వేయకూడదు. సిద్ధమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇంట్లోని పెద్దవాళ్లతో టీవీ ముందు కూర్చోండి. ఎన్నో నిమిషంలో ఎవరు కనిపించారు, ఎదురుకోళ్లప్పుడు పాట అందుకున్నది ఎవరు, అప్పగింతల వేళ వెనుక నిలబడి ఏడుస్తున్నది ఎవరు అన్నది వాళ్లు చెబుతుంటే రాసుకోండి. మా ఇంట్లో ఒక్క సాయంత్రంలో 41 మంది పేర్లు తెలిశాయి. అందులో సగం మందిని నేను ఎన్నడూ గుర్తుపట్టేవాణ్ణి కాదు. ఏ ముక్క ఉంచాలో, ఏది తీసివేయవచ్చో కూడా ఈ పట్టికే తేలుస్తుంది. స్టూడియో మిక్సింగ్‌లో సినిమా పాట వేసిన భాగాలను, అసలు మాటలు వినిపించే భాగాలను వేరువేరుగా గుర్తుపెట్టండి. నా మట్టుకు నేను రెండవ రకానికే పెద్దపీట వేస్తాను.

తేదీ రాయని డిస్కుకు బొమ్మలోనే ఆధారాలు దొరుకుతాయి. మేడారం జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. 1996, 1998, 2000 ఇలా సరి సంవత్సరాల్లోనే వస్తోంది. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015లలో వచ్చాయి. బండ్ల నంబరు పలకలు కూడా సాక్ష్యమే. ఏపీ 36 అంటే ఉమ్మడి రాష్ట్రంలోని వరంగల్, ఏపీ 15 కరీంనగర్. టీఎస్ అని కనిపించిందంటే అది 2014 జూన్ తర్వాతి వీడియో. క్యామెరా బొమ్మ మూలన ముద్రించిన తేదీని మాత్రం ఒంటరిగా నమ్మవద్దు, గడియారం సరిచేయకుండా తీసినవే ఎక్కువ.

ఫైలు పేరులో ముందు సంవత్సరం, నెల, తర్వాత సందర్భం, ఊరు, డిస్కు సంఖ్య రాయండి. అప్పుడు అవి వాటంతటవే కాలక్రమంలో నిలుస్తాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు తెలుగు పేర్లున్న ఫైళ్లను తెరవలేకపోతున్నాయి కాబట్టి ఫైలు పేరుకు ఇంగ్లీషు అక్షరాలు వాడి, పట్టికను తెలుగులో రాసుకోవడం నాకు కుదిరింది.

భద్రపరచడం, ప్రాజెక్టు తెరవడం

మూలప్రతులు ఒక ఫోల్డర్‌లో, ఎంకేవీలు రెండవదానిలో, ఎడిటింగ్ ఫైళ్లు మూడవదానిలో ఉండాలి. మొదటి రెండు ఫోల్డర్లను మరో హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, దాన్ని వేరే ఊళ్లోని తోబుట్టువుల ఇంట్లో ఉంచండి. కాపీ సరిగా జరిగిందో లేదో సెవెన్‌జిప్‌లోని ఎస్‌హెచ్‌ఏ-256 లెక్కతో చూడవచ్చు. రెండు చోట్లా ఒకే అక్షరాల, అంకెల వరుస వస్తే ఫైలు అక్షరం పొల్లుపోలేదన్నమాట.

షాట్‌కట్ లేదా కేడెన్‌లైవ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొత్త ప్రాజెక్టును 768×576, 50 ఫ్రేములతో ప్రారంభించండి. హెచ్‌డీలోనే కావాలంటే 1920×1080 తీసుకుని, బొమ్మకు రెండు పక్కలా నలుపును అలాగే వదలండి; తెర నింపడం కోసం సాగదీయవద్దు. ఫైలును టైమ్‌లైన్ మీద పరచిన వెంటనే కోతకు దిగకుండా, మొదట చిట్టచివరి నిమిషానికి వెళ్లి మాటలు పెదవులతో కలుస్తున్నాయో లేదో చూడండి. పసుపు, కుంకుమ రంగులు ఎంకేవీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా ఉంటే సాఫ్ట్‌వేర్‌లో రంగుల ప్రమాణాన్ని 601గా (డీవీడీ వంటి పాత వీడియోల ప్రమాణం) ఎంచుకోవాలి. బాగా కదలిక ఉన్న ఒక్క నిమిషం భాగాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి, ఇంట్లో అందరూ చూసే టీవీలోనే ఆడించండి. చేతుల అంచులు చీలకుండా, ముఖాలు సాగకుండా, శబ్దం తప్పకుండా ఆ నిమిషం గడిస్తే, మిగిలిన ఫైళ్లన్నిటినీ ఇదే అమరికతో హ్యాండ్‌బ్రేక్ వరుసలో పెట్టి రాత్రికి వదిలేయవచ్చు.